చెవికీ దవడకూ మధ్య గెనిమ

పోయిన ఏడాది మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టర్ గంటన్నర నడిచి అదీ ఆగిపోయింది. కర్నూలులో మే నెల రాత్రి ఫ్యాను లేకుండా పడుకోవడం ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. పక్కింటివాళ్ళ కూలర్ చప్పుడు కూడా లేదు. చెమటకు తడిసిన దిండు తిరగేసుకుని పడుకుంటే సన్నగా ఒక కూత వినబడింది. కుక్కర్ విజిల్ వేసే ముందు వచ్చే ఆవిరి చప్పుడులాగా, మధ్యలో తెగకుండా. బ్యాటరీ అయిపోయి ఇన్వర్టర్ కూస్తోందనుకుని హాల్లోకి పోయి స్విచ్ తీసేశాను. కూత ఆగలేదు. మా ఆయన్ను లేపి "మీకేమైనా వినబడుతోందా" అని అడిగాను. ఆయన కాసేపు చెవి ఒగ్గి "ఏమీ లేదే" అన్నారు. వేళ్ళతో రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాను. బయటి చప్పుళ్ళన్నీ పోయి అదొక్కటే మిగిలింది, ముందుకంటే పెద్దగా, కుడి చెవిలో.

చెవిలో జోరీగ అనే మాట చిన్నప్పటి నుంచీ విన్నదే. విడవకుండా పోరు పెట్టే మనిషిని అట్లా అంటాం. ఆ బాధ పడ్డవాళ్ళెవరో పుట్టించిన మాట అయి ఉంటుందని ఆ వారంలో అనిపించింది. పగలు కాలేజీలో పిల్లల గోలలో గుర్తుండేది కాదు. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక మొదలయ్యేది. నిద్ర పట్టడానికి రెండు గంటలు పట్టేది, పొద్దున లేస్తే తల బరువు.

చిన్నమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె తెచ్చింది. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో చూపించుకోకుండా చెవిలో ఏదీ పోయకూడదు కాబట్టి వద్దన్నాను. చెవి డాక్టరు దగ్గరికి పోయాను. గుబిలి తీశారు. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి వినికిడి పరీక్ష చేశారు. రెండు చెవులూ నార్మల్. విటమిన్ మాత్రలు రాశారు. రెండు నెలలు చూసి ఇంకొకరి దగ్గరికి పోతే అదే పరీక్ష, అదే ఫలితం, వేరే మాత్రలు. మూడో చోట డాక్టరు రిపోర్టులు తిరగేసి, "చెవిలో ఏం లేదమ్మా. టెన్షన్ తగ్గించుకోండి. కొన్నాళ్ళకు అలవాటైపోతుంది" అన్నారు.

వాళ్ళ మీద నాకు కోపం లేదు. చెవిలో కూత అంటే ముందు చెవినే చూడాలి, వినికిడి పరీక్ష చేయాలి. ఆ వరస సరైనదే. నా అభ్యంతరం అక్కడితో ఆగిపోవడం మీద. ఎనిమిది నెలల్లో ముగ్గురు డాక్టర్లు నా చెవిలోకి లైటు వేసి చూశారు. చెవి రంధ్రానికి అర అంగుళం ముందు మాత్రం ఒక్కరూ వేలు పెట్టలేదు.

ఆ జాగా నాకు భోగి రోజు తెలిసింది. మా ఇంట్లో భోగికి నువ్వులద్దిన సజ్జ రొట్టెలు కాల్చుతాం, బాగా ఎండి పెళుసుగా ఉంటాయి. ఒక ముక్క కుడివైపు కొరికేసరికి చెవి పక్కన 'టక్'మని నొప్పి వచ్చి, కూత ఒక్కసారిగా పదునెక్కింది. నమలడం ఆపేశాను. కాసేపటికి మెల్లగా తగ్గింది. వాష్ బేసిన్ దగ్గరికి పోయి, అద్దంలో చూసుకుంటూ కింది దవడను ముందుకు తోశాను. కూత పైకి పోయింది. వదిలాను. కిందికి దిగింది. మళ్ళీ తోశాను, మళ్ళీ పైకి. ఆరేడు సార్లు చేశాను. రేడియో గుండీ తిప్పినట్టు నా దవడతో ఆ చప్పుడు తిరుగుతోంది. అద్దంలో ఇంకొకటి కూడా కనబడింది. నోరు తెరిస్తే గడ్డం నేరుగా కిందికి దిగకుండా కొంచెం కుడికి వంగి దిగుతోంది.

పండగ అయ్యాక పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను. ఆమె ముందు నోట్లో చూడలేదు. రెండు చేతుల చూపుడు వేళ్ళూ నా రెండు చెవుల ముందు ఆనించి "మెల్లగా తెరవండి, మూయండి" అంది. తర్వాత చెంపల మీద, కణతల మీద నొక్కుతూ ఎక్కడ నొప్పో చెప్పమంది. కుడి చెంప కండరం మీద నొక్కితే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వేలి కిందే చెవిలో కూత పెరిగింది. ఆమె అడిగిన ప్రశ్న నాకింకా గుర్తు: "ఇప్పుడు మాట్లాడకుండా కూర్చున్నారు కదా, మీ పై పళ్ళూ కింది పళ్ళూ తగులుతున్నాయా?" తగులుతున్నాయి. తగలడమేంటి, బిగించి ఉన్నాయి. మామూలుగా నోరు మూసుకుని ఉన్నప్పుడు పళ్ళ మధ్య సందు ఉండాలనే సంగతి అంత వయసొచ్చినా నాకు తెలియదు. పేపర్లు దిద్దేటప్పుడు, స్కూటీ నడిపేటప్పుడు, ఎవరితోనైనా మాట పడి ఊరుకున్నప్పుడు నేను పళ్ళు బిగిస్తాను. నిద్రలో కొరుకుతానని మా ఆయనకు తెలుసట. అదొక జబ్బు సంగతని ఆయనకూ తట్టలేదు. మన దగ్గర నిద్రలో పళ్ళు కొరికితే కడుపులో పురుగులున్నాయంటారు, లేదా ఇంటికి మంచిది కాదంటారు. నులిపురుగుల మందు వేస్తారు తప్ప దవడను ఎవరూ చూడరు.

అందుకే ఇది రాస్తున్నాను. పరీక్షలో ఏమీ తేలని చెవి కూతతో వచ్చిన మనిషిని దవడ కీలు తాకి చూడకుండా "అలవాటు చేసుకో" అని పంపకూడదు. దవడే కారణమని తొందరపడి పళ్ళు పీకించుకోకూడదు, అరగదీయించుకోకూడదు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి. ఒకటి చెప్పి రెండోది వదిలేస్తే వినేవాళ్ళకు నష్టం.

చూపుడు వేలు చెవి రంధ్రానికి కాస్త ముందు ఆనించి నోరు మెల్లగా తెరిచి మూయండి. వేలి కింద గుండ్రంగా ఒకటి కదులుతుంది. అదే దవడ కీలు. కింది దవడ ఎముక చివర గుండ్రటి తల ఉంటుంది, అది కణత ఎముక అడుగున ఉన్న గుంటలో కూర్చుంటుంది, రెంటి మధ్య మెత్తటి బిళ్ళ. మోచెయ్యి తలుపు బందులాగా ఒక్క తీరుగానే ముడుచుకుంటుంది. దవడ కీలు అట్లా కాదు, మొదట తిరుగుతుంది, తర్వాత గుంటలోంచి ముందుకు జారుతుంది. పైగా రెండు కీళ్ళూ ఒకే ఎముకకు ఉన్నాయి కాబట్టి ఒక పక్క కదిలితే రెండో పక్క కదలక తప్పదు. బిళ్ళ చోటు తప్పితే నోరు తెరిచేటప్పుడు టక్‌మంటుంది. నొప్పి లేకుండా ఉత్త చప్పుడే వస్తే భయపడే పని లేదు, అది చాలామందికి ఉంటుంది, వైద్యం అక్కర్లేదు. ఇక ఆ గుంట వెనక గోడకు అవతలి పక్కనే చెవి కాలువ. చిటికెన వేలు చెవిలో పెట్టుకుని నోరు తెరిచి మూస్తే ఆ గోడ మీది కదలిక మీకే తెలుస్తుంది.

పక్కపక్కన ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదని ఎవరైనా అనవచ్చు. చుట్టరికం ఉంది. అది నేను డిగ్రీ పిల్లలకు 21 ఏళ్ళుగా చెబుతున్న పాఠమే. జువాలజీలో దవడ పరిణామం గురించి చెప్పేటప్పుడు రైకెర్ట్ పేరు చెబుతాం. జర్మనీకి చెందిన ఆయన 1837లో పిండాలను పరిశీలించి చెప్పిన సంగతి ఇది: బల్లి, పాము వంటి సరీసృపాల్లో దవడ కీలు క్వాడ్రేట్, ఆర్టిక్యులార్ అనే రెండు ఎముకల మధ్య ఉంటుంది. క్షీరదాల్లో ఆ రెండు ఎముకలే చిన్నవైపోయి, దవడను వదిలి మధ్య చెవిలోకి చేరాయి. క్వాడ్రేట్ దాగలి అనే చెవి ఎముక అయింది, ఆర్టిక్యులార్ కూటకం అనే చెవి ఎముక అయింది. కర్ణభేరికి ఆనుకుని చప్పుడును లోపలికి చేరవేసే కూటకం ఒకప్పటి దవడ ఎముక! ఆ మార్పు మధ్యలో ఉన్నప్పటి జీవి శిలాజం కూడా దొరికింది. దక్షిణాఫ్రికాలో బయటపడిన డయార్త్రోగ్నాథస్‌కు పాత దవడ కీలూ కొత్త దవడ కీలూ రెండూ ఉన్నాయి, దాని పేరుకు అర్థమే రెండు కీళ్ళ దవడ. అంత వెనక్కి పోనక్కర్లేదు. కంగారూ పిల్ల పుట్టినప్పుడు దాని చెవి ఎముకలు ఇంకా దవడకు అంటుకునే ఉంటాయి, తల్లి సంచిలో పెరిగేటప్పుడు విడిపోతాయి. మనలో అదంతా తల్లి కడుపులోనే జరిగిపోతుంది. మెకెల్ మృదులాస్థి అనే ఒకే కడ్డీ చుట్టూ దవడ పెరుగుతుంది, దాని వెనక కొసలోంచి కూటకం వస్తుంది.

ఎముకలు విడిపోయినా నాడి విడిపోలేదు. నమిలే కండరాలను నడిపేది త్రిధార నాడి, అంటే 5వ కపాల నాడి. కూటకానికి తగులుకుని కర్ణభేరిని బిగించే సన్నటి కండరాన్ని నడిపేదీ అదే నాడి, అందులోనూ అదే కొమ్మ. మధ్య చెవిలోకి గాలి పోయే గొట్టాన్ని తెరిచే కండరానికీ అదే. ఒకే తల్లి పిల్లలు వేరే ఇళ్ళల్లో కాపురం పెట్టినట్టు. దవడ బాగా పట్టేసినవాళ్ళకు చెవి దిబ్బడ వేసినట్టు ఉండటం, చెవిలో ఏ జబ్బూ లేకుండా చెవిపోటు రావడం ఈ దారిలో అర్థమవుతాయి.

ఇంకొక దారి మెదడులో ఉంది, నాకు ఇదే ఎక్కువ నమ్మదగినదిగా అనిపిస్తుంది. వినికిడి నాడి మెదడు కాండంలోకి చేరగానే ఆగే మొదటి మజిలీ ఒకటుంది. అక్కడికి చెవి నుంచి మాత్రమే కాకుండా ముఖం, దవడ, మెడల నుంచి కూడా నాడీ తంతువులు వస్తాయి. గినీ పందుల మీద చేసిన పరిశోధనల్లో ఇది బయటపడింది. చెవి నుంచి రావలసిన సంకేతం తగ్గినప్పుడు ఈ పక్కదారి తంతువుల బలం పెరుగుతుందని కూడా అవి చూపించాయి. వాష్ బేసిన్ దగ్గర నేను దవడ తోస్తే చప్పుడు మారింది ఈ మజిలీలోనే అయి ఉండాలి. చెవిలో ఏమీ మారలేదు, మెదడుకు అందే లెక్క మారింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే తప్పు చేసినదాన్నవుతాను. చెవి కూత ఉన్నవాళ్ళలో సగం కంటే ఎక్కువ మందికి దవడ బిగిస్తేనో మెడ తిప్పితేనో ఆ చప్పుడు కొంచెం మారుతుంది. వినికిడి తగ్గడం వల్ల కూత వచ్చినవాళ్ళకు కూడా. కాబట్టి చప్పుడు మారింది కదా, దవడే కారణమని తేల్చేయడానికి లేదు. అది ఒక ఆనవాలు మాత్రమే. 2018లో ఈ విషయం మీద పనిచేసే నిపుణులు కలిసి ఆనవాళ్ళు రాసుకున్నారు. దవడ లేదా మెడ నొప్పీ, చెవి కూతా ఒకేసారి మొదలవడం, రెండూ కలిసి పెరిగి కలిసి తగ్గడం, తలకో మెడకో దెబ్బ తగిలాక కూత రావడం, వంగి కూర్చున్నప్పుడు ఎక్కువవడం, పళ్ళు కొరికే అలవాటు ఉండటం వంటివి. ఇవి పోగయ్యే కొద్దీ అనుమానం బలపడుతుంది.

అతిగా నమ్మితే ఏమవుతుందో చరిత్రలోనే ఉంది. దవడకూ చెవికీ ఉన్న ఈ లంకెను వైద్యుల ముందుకు గట్టిగా తెచ్చింది అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని చెవి, ముక్కు, గొంతు డాక్టరు జేమ్స్ కాస్టెన్. 1934లో 11 మంది రోగుల సంగతి రాశారు. చెవి నొప్పి, దిబ్బడ, కూత, తల తిరగడం. దవడ పళ్ళు ఊడిపోవడంతో కింది దవడ ఎక్కువ పైకి మూసుకుని, దాని తల వెనక్కి పోయి చెవిని నొక్కుతోందని ఆయన వాదన. ఆయన గమనించింది నిజం. చెప్పిన కారణం నిలబడలేదు, ఎముక అట్లా నాడుల మీద, గొట్టం మీద ఒత్తదని అనాటమీ నిపుణులు తర్వాత చూపించారు. కానీ అప్పటికే పళ్ళ ఎత్తు సరిచేస్తే చెవి బాగవుతుందన్న నమ్మకం పాతుకుపోయింది. దశాబ్దాలపాటు బాగున్న పళ్ళను అరగదీశారు, తొడుగులు వేశారు, కీలును కోసి బిళ్ళలు తీశారు. 1980లలో అమెరికాలో ఆ బిళ్ళ స్థానంలో టెఫ్లాన్ కలిసిన ముక్కలు పెట్టారు. అవి లోపల అరిగి పొడై ఎముకనే తినేశాయి, వాటిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అంత దూరం ఎందుకు, మా బంధువుల్లో ఒకామెకు ఎడమ చెవి నొప్పికి రెండు దవడ పళ్ళు పీకారు. నొప్పి ఉన్నచోటే ఉంది. ఇప్పుడామె కుడివైపే నములుతుంది.

రెండో పక్క కథ మా తమ్ముడిది. వాడు బేతంచెర్లలో నాపబండల పాలిష్ ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళుగా పని చేస్తున్నాడు. ఉగాదికి ఇంటికొచ్చినప్పుడు నా చెవి సంగతి చెబుతుంటే విని, "నాకూ ఉంది కదక్కా. మిషన్ ఆపేసి ఇంటికొచ్చినా చెవిలో మిషన్ ఆగదు" అన్నాడు. ఎన్నేళ్ళుగా అంటే ఐదారేళ్ళు అన్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఉండేదే అనుకున్నాడు.

నేను వెంటనే వాడి చెవుల ముందు వేళ్ళు పెట్టాను. కీలు మెత్తగా కదులుతోంది, చప్పుడు లేదు. చెంపలు నొక్కితే నొప్పి లేదు. పళ్ళు అరగలేదు. నోరు మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత తెరుచుకుంటోంది. దవడ బిగిస్తే మాత్రం కూత కొంచెం మారిందన్నాడు. నా కథలో పడి కొట్టుకుపోయి ఉంటే, ఆ ఒక్క మాట పట్టుకుని వాణ్ణి పళ్ళ డాక్టరు దగ్గరికి పంపేదాన్ని. కర్నూలు తీసుకొచ్చి వినికిడి పరీక్ష చేయించాను. ఆ కాగితం మీద గీత రెండు చెవులకూ నేరుగా వచ్చి, 4000 హెర్ట్జ్ దగ్గర గుంతలో పడినట్టు దిగి, మళ్ళీ కొంచెం లేచింది. పెద్ద చప్పుళ్ళలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు పడే గుంత అది. మన దేశంలో ఫ్యాక్టరీలకు 8 గంటల పనికి 90 డెసిబెల్స్ పరిమితి ఉంది. బండ కోసే రంపం పక్కన నిలబడి ఇద్దరు మాట్లాడుకోవాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. వాడు ఇన్నేళ్ళూ చెవుల్లో దూది పెట్టుకున్నాడు. దూది ఆ చప్పుడును ఆపలేదు.

లోపలి చెవిలో చప్పుడును పట్టే రోమకణాలు కోళ్ళకు, పిచ్చుకలకు చచ్చిపోతే మళ్ళీ పుడతాయి. మనకు పుట్టవు. క్లాసులో ఆ వాక్యం ఎన్నోసార్లు చెప్పాను. తమ్ముడి ముందు కూర్చుని చెప్పేటప్పుడు గొంతు పట్టుకుంది. నా కూతకూ వాడి కూతకూ చప్పుడులో తేడా లేదు, ఇద్దరం ఆవిరి చప్పుడనే చెబుతాం. వైద్యం మాత్రం వేరు. నాకు దవడ, వాడికి చెవులకు అడ్డం పెట్టుకునే మఫ్‌లు, వినికిడి మీద ఏడాదికోసారి కన్ను. పెద్దవాళ్ళలో నూటికి 14 మందికి ఏదో ఒక మేరకు చెవి కూత ఉంటుందని 2022లో వచ్చిన ప్రపంచవ్యాప్త విశ్లేషణ చెబుతోంది. అంతమందికీ ఒకే కారణం ఉండదు. క్షయకు ఇచ్చే స్ట్రెప్టోమైసిన్ వంటి సూదులు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ కూడా కూత తెస్తాయి.

నాకు చేసిన వైద్యం చూడ్డానికి చాలా చిన్నది. పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక పై పళ్ళ వెనక అంగిలికి మెత్తగా ఆని ఉండాలి. ఇది రోజంతా గుర్తుండదు కాబట్టి స్టిక్కర్ బొట్లు తెచ్చి ఇంట్లో అంటించాను. ఫ్రిజ్ మీద, స్కూటీ అద్దం మూలన, పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను మీద, కాలేజీలో నా టేబుల్ అంచున. బొట్టు కనబడగానే పళ్ళు వదలాలి. మొదటి వారం చూసిన ప్రతిసారీ బిగించే ఉన్నాయి. అది నన్ను బాగా కలవరపెట్టింది, ఎందుకంటే అట్లా ఎన్నేళ్ళు బిగించానో లెక్క లేదు. ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఆరు వారాలు పోయాను. చేతి తొడుగు వేసుకుని నోటి లోపలి నుంచి చెంప కండరాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి వదిలించారు, దవడను మెల్లగా తెరిచి కదిలించారు, మెడకు వ్యాయామాలు నేర్పారు. ఇంట్లో రోజూ రెండు పూటలా వేడి గుడ్డతో కాపడం. సజ్జ రొట్టె, నిప్పట్లు, వేయించిన శనగలు కొన్నాళ్ళు మానేశాను. సంగటి ఎప్పుడూ లేనంత ఇష్టంగా తిన్నాను. రాత్రికి పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్ ఇచ్చారు. అది పళ్ళు అరగకుండా కాపాడుతుంది, కూతను తగ్గించేది అదేనని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇది నా ఒక్కదాని అనుభవం మీద ఆధారపడి చెప్పడం లేదు. దవడ కీలు తాలూకు దీర్ఘకాలపు నొప్పి మీద 2023 డిసెంబరులో బ్రిటన్ వైద్య పత్రికలో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచనలు ఇచ్చింది. వాళ్ళు గట్టిగా సిఫారసు చేసినవి దవడ వ్యాయామాలు, చేత్తో చేసే ఫిజియోథెరపీ, కూర్చునే తీరు సరిచేసుకోవడం, ఆలోచనా తీరును మార్చే కౌన్సెలింగ్. పళ్ళ అమరికను శాశ్వతంగా మార్చే తొడుగులూ, బిళ్ళను కోసి తీసేయడమూ వద్దన్నారు. అది నొప్పి గురించి, కూత గురించి కాదు. కూత సంగతికి వస్తే 2020లో బెల్జియంలో దవడ సమస్యా చెవి కూతా కలిసి ఉన్న 80 మందికి ఇట్లాంటి దవడ ఫిజియోథెరపీ చేసి చూశారు. కూత పెట్టే బాధ తగ్గింది. 80 మంది తక్కువే. పళ్ళు పీకడానికి ఈపాటి ఆధారం కూడా లేదు.

"టెన్షన్ తగ్గించుకోండి" అన్న మాట దగ్గరికి మళ్ళీ రావాలి. దవడ కీలు బాధలు ఆడవాళ్ళలోనే ఎక్కువ. ఆడమనిషి వచ్చి పరీక్షల్లో తేలని బాధ చెబితే టెన్షన్ అనే మాట తొందరగా వస్తుంది. ఆ మాట అబద్ధం కాదు. ఆ ఏడాది మా అమ్మాయికి ఎంసెట్, అత్తమ్మకు ఆపరేషన్, నాకు వాల్యుయేషన్ డ్యూటీ. టెన్షన్ ఉంది. కానీ టెన్షన్ గాల్లో ఉండదు కదా. అది నా కుడి చెంప కండరంలో కూర్చుని ఉంది, వేలితో నొక్కితే దొరికేంత గట్టిగా. అది ఎక్కడుందో చూపించి, ఎట్లా వదిలించాలో నేర్పితే ఆ మాట వైద్యమవుతుంది. చూపించకుండా చెబితే తప్పు మన మీద వేసి పంపినట్టే.

ఇట్లా జరగడానికి మనుషుల నిర్లక్ష్యం కంటే చదువుల ఏర్పాటే ఎక్కువ కారణమని నాకనిపిస్తుంది. పళ్ళ వైద్యానికి మన దేశంలో 1948 నుంచి వేరే చట్టం, వేరే నియంత్రణ సంస్థ, వేరే కాలేజీలు. ఎంబీబీఎస్ చదివినవాళ్ళు నోటిని పళ్ళ డాక్టర్లకు వదిలేస్తారు, పళ్ళ డాక్టర్లు చెవిని ముట్టుకోరు. దవడ కీలు రెండు చేన్ల మధ్య గెనిమలాగా, అంటే పొలం గట్టులాగా మిగిలిపోయింది. గెనిమ మీద ఎవరూ దున్నరు, ఎవరూ కలుపు తీయరు. అమెరికాలో ముఖం, దవడ నొప్పులను దంత వైద్యంలో ప్రత్యేక విభాగంగా గుర్తించింది కూడా 2020లోనే.

కొత్త విభాగాలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆదోని, పత్తికొండ, ఎమ్మిగనూరు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చే మనిషికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది. చెవి ఓపీలో ఏం లేదని పంపిస్తే మళ్ళీ రాదు. అదే ఓపీలో అర నిమిషం ఎక్కువ తీసుకుని, చెవి ముందు వేలు ఆనించి నోరు తెరవమని, పళ్ళు కొరుకుతావా, నమిలితే చెవి పక్కన నొప్పా, చప్పుడు మారుతోందా అని అడిగి, అవసరమైతే అదే చీటీ మీద పళ్ళ విభాగానికీ ఫిజియోథెరపీకీ రాస్తే చాలు. పళ్ళ విభాగంలో కూడా దవడ నొప్పితో వచ్చినవాళ్ళను చెవిలో చప్పుడుందా అని అడిగి, ఉంటే వినికిడి పరీక్షకు పంపాలి. ఇందుకు మిషన్ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

మన ప్రాంతంలో ఇంకొకటి చూడాలి. ఆకూ వక్కా, గుట్కా నమిలేవాళ్ళకు నోరు తెరుచుకోవడం తగ్గుతూ, కారం తగిలితే మంట పుడుతుంటే అది కీలు జబ్బు కాదు. వక్క వల్ల బుగ్గల లోపలి పొర బిరుసెక్కిపోతోందన్నమాట. అది క్యాన్సర్‌కు దారి తీయగలదు, వేడి గుడ్డ కాపడంతో ఇంట్లో కూర్చోకూడదు. అట్లాగే ఉన్నట్టుండి ఒక చెవి వినబడకుండా పోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి, ఆలస్యమైన కొద్దీ మందు పనిచేసే అవకాశం తగ్గుతుంది. చెవిలో చప్పుడు గుండె కొట్టుకున్నట్టు లయగా వస్తున్నా, ఒక చెవిలోనే కూత ఉండి ఆ చెవికే వినికిడి తగ్గుతున్నా స్కానింగ్ దాకా పోవలసి ఉంటుంది. వీటిని దవడ ఖాతాలో వేయకండి.

నా కూత పూర్తిగా పోలేదు. వారంలో నాలుగైదు రోజులు నేను వెతికితేనే వినబడుతుంది. రెండు రోజులు తనంతట తనే వస్తుంది, ముఖ్యంగా పేపర్ల కట్ట ముందేసుకున్న రోజు. అప్పుడు దవడ వదిలి, కాపడం పెట్టుకుని పడుకుంటాను. తొందరగానే నిద్ర పడుతుంది.

తమ్ముడికి మఫ్‌లు కొనిచ్చాను. మొదట్లో చెమటకు చెవులు ఉడుకుతున్నాయని తీసి పక్కన పెట్టేవాడట. ఇప్పుడు రంపం దగ్గర ఉన్నంతసేపూ పెట్టుకుంటున్నానని, ఇంకో ముగ్గురు కూడా కొనుక్కున్నారని ఫోన్‌లో చెప్పాడు. వచ్చే నెల వాడికి మళ్ళీ వినికిడి పరీక్ష ఉంది. ఆ ముగ్గురినీ వెంట తీసుకు రమ్మన్నాను.